గుంజతో కోలాటం నేర్చిన మా ఓబులమ్మక్క

మా తోడికోడలు ఓబులమ్మక్క ఇక లేదు. ఆమె దినాలు ముగిసి వారమైనా కాలేదు. ఈ మాట రాయడానికి చెయ్యి ఒప్పుకోవడం లేదు. యాడికి దగ్గరి మా వేరుశనగ చేనిలో కలుపు తీస్తూ, "కండ్లు తిరుగుతాండాయి పాపా" అని గట్టు మీద కూర్చుంది. ఆటోలో తాడిపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే నా ఒడిలో ప్రాణం విడిచింది. గొంతులో ఇన్ని నీళ్లు పోయడం తప్ప నాకేమీ చేతకాలేదు. ఆ నీళ్లూ సగం చీర మీదే పోయాయి.

ఆమె సన్మానాలూ శాలువాలూ అందుకున్న కళాకారిణి కాదు. అయినా మా చుట్టుపక్కల కోలాట బృందాలలో ఆమెను ఎరగనివారు అరుదు. మా ఊరికి కోలాటం నేర్పే గురువుగారు వచ్చిన కొత్తలో, చేనిపని ముగించుకుని ఆలస్యంగా వెళ్లిన అక్కకు ఉద్ది దొరకలేదు. ఎదురుగా నిలిచి కర్రకు కర్ర కలిపే జతనే మావైపు ఉద్ది అంటారు. అప్పటికే అందరూ ఎవరికి వారు జతలు కట్టేశారు.

"ఉద్ది లేకుండా కోలాటమేందమ్మా? పోయి ఎవరినన్నా పిల్చుకొని రాపో" అన్నారు గురువుగారు.

పిలిస్తే ఎవరూ రాలేదు. అక్కది పట్టిన పట్టు విడిచే స్వభావం కాదు. దూరంగా నిలబడి అడుగులు చూసి వచ్చి, ఎనుముల కొట్టంలోని గుంజనే ఉద్దిగా పెట్టుకుని అభ్యాసం మొదలుపెట్టింది. పాట తనదే, తాళం తనదే. మా బావకు నవ్వు ఆగేది కాదు.

"ఏమే, కొట్టం కూలగొడతావా ఏంది?"

"కూలితే నువ్వొచ్చి నిలబడు. నిన్నే కొడతా."

కోలాటంలో ఇద్దరూ చెరి సగం దూరం ముందుకు రావాలి. గుంజ ఎక్కడికి వస్తుంది? అందుకే పూర్తి దూరం తానే వెళ్లి కొట్టడం అక్కకు అలవాటైపోయింది. తీరా అంగడి లక్ష్మిదేవి ఉద్దిగా దొరికిన రోజున, ఆమె అడుగు వేసేలోపే అక్క కర్ర ఆమె వేళ్ల మీద పడింది. "నా యేళ్లు పగలగొట్టినావు గదమ్మే!" అంటూ లక్ష్మిదేవి మళ్లీ ఆ చాయలకు రాలేదు. గురువుగారు ఎంత మొత్తుకున్నా ఆ దోషం దిద్దుబాటు కాలేదు. దోషమని నేను మాత్రం ఎలా అనను?

నా భర్త పోయాక నెలల తరబడి నేను గడప దాటలేదు. ఓదార్పు మాటలు వింటే ఒళ్లు మండేది. అక్క ఓదార్చలేదు. కర్రలు నా చేతిలో పెట్టి, కొట్టంలోకి లాక్కుపోయింది.

"నాకు రాదక్కా" అన్నాను.

"నువ్వేం చేసే పన్లేదు పాపా. గుంజ మాదిరి నిలబడు, సాలు. నేనే వచ్చి కొడతా."

నిలబడ్డాను. ఆమె వచ్చి కొట్టింది. అన్నాళ్లూ రాని ఏడుపు ఆ చప్పుడుకు వచ్చింది. అది మొదలు ఏ ఊరి తేరు ఉత్సవంలోనైనా మేమిద్దరమే ఉద్ది. "చెరి సగం రావల్ల తల్లీ!" అని గురువుగారు గద్దిస్తే, "ఆ పాప అలిసిపోయిండాది సామీ, ఆమె సగం గూడా నేనే వస్తాలే" అనేది.

నిన్న సాయంత్రం గురువుగారు కబురు పెట్టారు. మా ఊరి తేరు దగ్గరపడింది, బృందంలో ఒక ఉద్ది విరిగితే వరుస మొత్తం చెడుతుంది. కొత్తగా కాపురానికొచ్చిన ఒక అమ్మాయిని నా ఎదుట నిలబెట్టారు. పాట ఎత్తుకున్నారు. ఆ పిల్ల నేర్పినట్టే సగం దూరం వచ్చి, కర్ర చాచి ఆగింది. నేను కదలలేకపోయాను.

"రాక్కా, నువ్వూ రావల్ల గదా" అంది పాపం, బెదురుతూ.

ఎలా రావాలో నాకు తెలియదు. అక్కా, నీ పాదాలకు మొక్కుతున్నాను. అంతకుమించి ఏం చెయ్యాలో తోచడం లేదు. నా కళ్లముందు ఆ పిల్ల ఇంకా కర్ర చాచుకునే ఉంది, నేను అక్కడే నిలబడి ఉన్నాను.