నాపరాతి మీద రక్కసి-తంగడి

ఆ రోజుల్లో ఉద్యోగమంటే చెప్పిన పని చేయడమనే అనుకునేవాణ్ణి. చెప్పిన ఆట కూడా ఆడాలని బేతంచెర్లలో చేరాకే తెలిసింది. కర్నూలు కొత్తగా రాజధాని అయింది. గచ్చులకు మా ఊరి నాపరాళ్ళు లారీలకు లారీలు పోతుండేవి. నన్ను గుమాస్తాగా పెట్టుకున్నది సుబేదారు మామ (అమ్మ తరఫు దూరపు చుట్టం, పటాళం నుంచి తిరిగొచ్చి బండల వ్యాపారం పెట్టాడు). పగలంతా రాతిపొడి మింగి, సాయంత్రం నడుం వాలుద్దామనుకునేసరికి, "రాప్పా, యుద్ధం నిలబడిపోయిండాది" అని పిలుపు వచ్చేది.

ఆ యుద్ధం రక్కసి-తంగడి. మామ ఇంటి వసారాలో పెద్ద నాపరాయి మీద కృష్ణానది, గుట్టలు, గళ్ళు చెక్కించుకున్నాడు. కాల్బలం చింతగింజలు, ఏనుగులు నల్లరాళ్ళు, ఫిరంగులు సోడామూతలు. గవ్వలు వేసి ఎత్తు వేయాలి. మేత అందని గుర్రం కదలదు, బెదిరిన ఏనుగు సొంత దండునే తొక్కుతుంది... ఇలాంటి షరతులు నేర్చుకోలేక ఊళ్ళో అందరూ పారిపోయారు. జీతగాణ్ణి గనుక నేను దొరికాను. మామ ఎప్పుడూ రామరాయల పక్షమే, నాకు సుల్తానుల దండు. చరిత్రలో చచ్చిపోయిన ఆ ముసలి రాయల్ని ఈసారైనా ప్రాణాలతో గట్టెక్కించాలని ఆయన పట్టుదల.

ఇంతలో మా చిన్నాన్న రాజంపేటలో నాకొక సంబంధం చూశాడు. శుక్రవారం పిల్లను చూడ్డానికి రమ్మన్నాడు. సెలవడిగితే మామ తలెత్తకుండానే అన్నాడు: "దండు నడుస్తాండగా సేనాపతి యాడికి పోతాడప్పా? ఇది తేలనీ."

త్వరగా తేల్చేద్దామని నా ఏనుగుల్ని తీసుకెళ్ళి ఏట్లో దించాను. మామ ముఖం ఎర్రబడింది. "నాకు భిక్షమేస్తాండావా? ఎత్తు ఎనక్కి తీసుకో!" సరే, గెలిచేద్దామని రాయల్ని చుట్టుముడితే, "పొద్దుగూకింది, మిగతాది రేపు" అంటాడు. ఓడనివ్వడు, గెలవనివ్వడు. పూర్తిగా విసిగిపోయాను. రాత్రి కలలోనూ మేత లేని గుర్రాలే.

గురువారం వచ్చింది. పొద్దున బండి ఎక్కితేనే గుంతకల్లులో మద్రాసు మెయిలు అందుతుంది. సంచి భుజాన వేసుకుని, ఆఖరిసారి బతిమాలుకుందామని వెళ్ళాను. అత్త వసారా ఊడుస్తోంది. నా ముఖం చూసి సంగతంతా పట్టేసింది. "నాలుగు నూర్ల ఏండ్ల కింద అయిపోయిన కొట్లాటకు ఈ పిల్లోని పెండ్లి ఆపుతావా?" అంటూ బండ మీద చీపురు ఆడించింది. ఒక్క ఊపులో రెండు దండ్లూ ముంగిట్లో పడ్డాయి. "పోరా, పో! బండికి టైమైతాంది" అంది.

మామ అంత మనిషీ మోకాళ్ళ మీద కూర్చుని చింతగింజలు ఏరసాగాడు. నల్లరాయి ఒకటి తీసి ఏటికి అవతల పెట్టాడు.

"అక్కడ కాదు మామా" అన్నాను.

"ఈడనే ఉండె!"

"కాదు మామా, అది ఇవతలి గట్టున, మీ రాయలకు అడ్డంగా ఉండె." సంచి దించకుండానే వంగి ఆ ఏనుగును జరిపాను. తర్వాత గుర్రాలు. తర్వాత ఫిరంగులు. అన్ని రోజులుగా ఆడి ఆడి నాకు కంఠతా వచ్చేసింది మరి. పైగా (ఇది అత్తకు చెప్పలేదు) ఇంకొక్క ఎత్తులో నేను గెలిచేవాణ్ణి. స్టేషను వైపు నుంచి కూత వినిపించింది. ఇద్దరం తలెత్తలేదు.

పది రోజులకు చిన్నాన్న వచ్చి తలబాదుకున్నాడు. "యుద్ధంలో ఉండేవానికి పిల్లనియ్యమన్నార్రా!" ఆ సంబంధం అట్లా పోయింది.

ఇప్పుడు అప్పుడప్పుడూ ఆ కుర్రవాడు కళ్ళ ముందు కదులుతాడు. అలసిపోయాను, వదిలేయండి మొర్రో అని లోకమంతా చెప్పుకుని, తీరా వదిలేస్తే కదలనివాడు. వాడి మీద కోపం రాదు. "బండి వచ్చింది, లెయ్ నాయనా" అని భుజం తట్టాలనిపిస్తుంది. తట్టినా లాభం లేదు. "ఒక్క ఎత్తు" అంటాడు, తల తిప్పకుండానే.