ఇంటి నంబరు ఖాళీ

నగరపాలక సంస్థ కార్యాలయం రెండో అంతస్తులో, కారే ఏసీ కింద బకెట్ పెట్టుకుని కూర్చునే ఆవిడను కుర్రాళ్ళంతా క్వెరీ పిన్ని అనేవారు. డేటాబేస్‌ను ఎలా అడిగితే నోరు విప్పుతుందో అక్కడ ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అలా అడిగే ప్రశ్నే క్వెరీ; గంటసేపు నసిగే క్వెరీని ఆవిడ తిరగరాస్తే టీ చల్లారేలోపు జవాబు వచ్చేది.

"రెండు టేబుళ్ళు కలిపేటప్పుడు ఖాళీ గడితో జాగ్రత్తరా" అని కొత్తవాళ్ళకు చెప్పేది. "అది దేనితోనూ కలవదు. ఇంకో ఖాళీ గడి ఎదురొచ్చినా చుట్టరికం ఒప్పుకోదు."

"అచ్చం మా బావలాగే పిన్నీ."

వరద హెచ్చరికల క్వెరీ కూడా ఆవిడే రాసింది. ఒక టేబుల్లో, అంటే పట్టికలో, మనుషులు, ఫోన్లు, ఇంటి నంబర్లు. ఇంకో దాంట్లో ఏ ఇంటి నంబరు పల్లంలో ఉందన్న వివరం. రెండూ ఇంటి నంబరు దగ్గర కలిపి, పల్లంలో ఉన్నవాళ్ళకు మెసేజ్ పంపాలి.

ఆవిడ మేనమామ కాలువ గట్టున రేకుల షెడ్డులో సైకిళ్ళు బాగుచేస్తూ అక్కడే ఉండేవాడు. ఆయన ఫోను నమోదు చేయించింది ఆవిడే.

"వానలు తగ్గేదాకా మా ఇంటికొచ్చెయ్ మామయ్యా."

"నా పానాల్నీ పంపుల్నీ నీ మంచం మీద పడుకోబెడతావేంటే?"

"సరే, నీళ్ళు వదిలేముందు మెసేజ్ వస్తుంది. నేనే పంపిస్తా. రాగానే కదులు."

ఆనకట్ట గేట్లు ఎత్తిన మధ్యాహ్నం మెసేజ్‌లు వెళ్ళాయి. ఎర్రర్ ఒక్కటీ రాలేదు. పక్క షెడ్డు కుట్టుపనావిడ కాలువ పొంగడం చూసి "పద అన్నా" అని చెయ్యి పట్టుకు లాగితే, "మా మేనకోడలు ఇంకా పంపలేదమ్మా. పంపకుండా ఉండదది" అని పంక్చరు వేస్తూ కూర్చున్నాడట.

నీళ్ళు తీశాక దొరికాడు. పైకప్పు కింద మేకుకు తగిలించిన సంచిలో ఫోను తడవకుండా ఉంది.

రేకుల షెడ్లకు ఇంటి నంబర్లు ఇవ్వరు. అందుకని గట్టు మీదివాళ్ళ గడులన్నీ ఖాళీ. ఖాళీ గడి దేనితోనూ కలవలేదు, అందరూ జాబితాలోంచి చప్పుడు లేకుండా రాలిపోయారు. ఊరందరికీ ఆ పాఠం చెప్పే మనిషికి, ఆ షెడ్డులో టీ తాగి వచ్చిన మనిషికి, క్వెరీ రాసేటప్పుడు ఆ షెడ్డు గుర్తుకు రాలేదు.

జత దొరకనివాళ్ళను కూడా ఉంచి, వాళ్ళు పల్లంలో ఉన్నట్టే లెక్కగట్టేలా దిద్ది అధికారి ముందు పెట్టింది.

"ఎర్రర్ రాలేదుగా. సరిగ్గానే నడిచిందని రాసివ్వండి, సరిపోతుంది."

"నడిచింది సార్. మనుషుల్ని వదిలేసి నడిచింది."

"వాళ్ళకి మెసేజ్ పంపితే అక్కడ ఉన్నారని మనం ఒప్పుకున్నట్టే కదమ్మా. రేపు కుళాయిలు అడుగుతారు."

"అడగనివ్వండి. అడగాలంటే బతికుండాలిగా సార్."

ఆవిడ తప్పు క్వెరీలో ఒకటి రెండు పదాల్లో ఉంది, దిద్దింది. తరతరాలుగా ఆ గడిని ఖాళీగా ఉంచినవాళ్ళ తప్పు ఎక్కడా ఎర్రర్‌గా కనపడదు, ఎవరూ దిద్దరు.

అనుమతి రాలేదు. ఆవిడ అడగడం మానేసి, నడిచే క్వెరీనే మార్చేసింది. ఆవిడను పాత ఫైళ్ళ గదికి బదిలీ చేశారు. ఆ క్వెరీని వెనక్కి మార్చడానికి మాత్రం కుర్రాళ్ళెవరికీ చెయ్యి రాలేదు.

మరుసటి వానాకాలం, కూర కలుపుతుండగా గూట్లో మామయ్య ఫోను మోగింది. ఛార్జింగు పెడుతూ దాచుకున్న ఫోను. టేబుల్లోంచి ఆయన పేరు తీసెయ్యడానికి ఆవిడకు మనసొప్పలేదు.

'నీళ్ళు వదులుతున్నారు. వెంటనే ఎత్తైన చోటికి వెళ్ళండి.'

గట్టు మీద అందరికీ వెళ్ళే ఉంటుంది. ఆవిడ స్టవ్ కట్టేసి, ఫోను ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూలబడింది.