కొలోద్రుబ్ వారి సంబంధం

చిన్నపుల్లయ్యకి మనిషి కనపడితే చాలు, ఇంటిపేరు కావాలి. అసలు పేరు తర్వాత సంగతి. గల్ఫ్ దేశంలోని ఫింటాస్‌లో ఒక ఆరంతస్తుల భవనానికి ఆయన హారిస్, అంటే మన వాచ్‌మన్. లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చిన ఈజిప్టువాణ్ణి కూడా ఇంటిపేరు చెప్పేదాకా లిఫ్టు దగ్గరికి పోనివ్వలేదు. చెప్పినవన్నీ ఒక నల్లట్ట పుస్తకంలో ఎక్కించేవాడు. ఒకే ఇంటిపేరయితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వేరయితే వియ్యమందదగినవాళ్ళు. ఆయన లెక్కలో మూడో రకం మనుషులు లేరు.

2006లో నాలుగో అంతస్తులోకి ఒక్సానా దిగింది. ఉక్రెయిన్ నర్సు, నలభై దాటాయి, పెళ్ళి కాలేదు. ఇంటిపేరు కొలోద్రుబ్. అది నోరు తిరగడానికి పుల్లయ్యకి రెండు రోజులు పట్టింది. ఆమెతోపాటు పనిచేసే మన గోదావరి నర్సు దీనమ్మ ఇద్దరి మధ్యా మాటలు చేరవేసేది. పూర్వం బండిచక్రాలు చేసేవాళ్ళమని తాత చెప్పేవాడట. ఆ పేరు తమ దేశంలోనే అరుదట. తమ ఇంట్లో తనే చివరిదట. “నాతో ఖలాస్” అని నవ్వింది ఒక్సానా.

నవ్విందే గాని, ఆమె సెలవులొచ్చినా ఎక్కడికీ వెళ్ళదని పుల్లయ్యకి తెలుసు. ఆ పూట ఆయనకి అన్నం సహించలేదు. “ఇంత లోకంలో ఒక తోడబుట్టినోడు ఉండడా? నేను ఎతుకుతా” అన్నాడు.

ఆమె ఇంటిపేరు చీటీల మీద రాయించి టాక్సీవాళ్ళకీ, మంగలి షాపుల్లోనూ పంచాడు. ఎనిమిది నెలలకి ఫహాహీల్ నుంచి ఇస్త్రీ దుకాణం పెంచల్ ఫోన్ చేశాడు. చమురు బావుల్లో పనిచేసేవాళ్ళ ఓవరాల్ ఒకటి ఉతకడానికి వచ్చిందనీ, జేబు మీద కుట్టిన పేరు అచ్చం చీటీలోదేననీ. పుల్లయ్య బస్సెక్కి వెళ్ళి, సొంతదారు వచ్చేదాకా ఆ ఓవరాల్‌కి కాపలా కూర్చున్నాడు. వచ్చినవాడు బొగ్దాన్, ఆరడుగుల ఇంజనీరు, భార్య పోయి ఆరేళ్ళయింది. అతన్ని ఏకంగా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, “సిస్టర్, మీ అన్న” అని అప్పగించాడు.

తాతల ఊళ్ళ మధ్య ఎంతో దూరమనీ, తమకి ఏ చుట్టరికమూ లేదనీ వాళ్ళిద్దరూ చెప్పారు. పుల్లయ్య చెవికెక్కించుకోలేదు. ప్రతి శుక్రవారం బొగ్దాన్ పూలతో వస్తుంటే, అన్నంటే అట్లుండాలని అంతస్తంతస్తుకీ చాటింపు వేశాడు.

ఏడాది తిరిగేసరికి ఇద్దరూ దీనమ్మని వెంటబెట్టుకుని మిఠాయి డబ్బాతో దిగి, పెళ్ళి చేసుకుంటున్నాం, సాక్షి సంతకం మీరే పెట్టాలన్నారు. పుల్లయ్య మిఠాయికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఒకే ఇంటిపేరుకి పెండ్లేంది తల్లీ? నా చేత్తోనే తెచ్చి పాపం మూటగట్టుకుంటినే.”

“వాళ్ళలో అలాంటి పట్టింపులేం ఉండవండీ” అంది దీనమ్మ.

మూడు రోజులు ఆయన సంతకం పెట్టనంటే పెట్టనన్నాడు. ఒక్సానా కూడా మొండిదే. తనకి ఇక్కడున్న పెద్దదిక్కు ఆయనేననీ, ఆయన కాదంటే ఈ పెళ్ళే వద్దనీ దీనమ్మచేత చెప్పించింది. అది విని పుల్లయ్య కళ్ళు తుడుచుకుని, నల్లట్ట పుస్తకం తెచ్చాడు. కొలోద్రుబ్ పేజీలో ఆమె పేరు కొట్టేసి, తన ఇంటిపేరున్న పేజీ తీసి రాశాడు: ఆవుల ఒక్సానా.

“ఇంక నువ్వు మా ఇంటి ఆడబిడ్డవు. ఆవులోళ్ళ పిల్లని కొలోద్రుబ్బోళ్ళకి ఇస్తా ఉండాం. ఇప్పుడు సరిపాయ” అని పసుపు రంగు చీర ఆమె చేతిలో పెట్టాడు.

దీనమ్మ ఆ పేజీలోకి తొంగిచూసింది. ఒక్సానాది పన్నెండో పేరు. పైనున్న పదకొండు మందిలో పుట్టుకతో ఆవులవాళ్ళు ఒక్కరూ లేరు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, తరిమేసిన శ్రీలంక ఆయా, జ్వరంతో ఆసుపత్రిలో పడున్న బెంగాలీ ఊడ్పువాడు, కబురు చెప్పడానికి ఇంటిదగ్గర ఎవరూ లేనివాళ్ళు. అందరినీ తనవాళ్ళుగా రాసుకున్నాడు ఈ పెద్దమనిషి.

 పుల్లయ్య మాత్రం ఆ పేజీనే చూస్తూ దిగులుగా తల గోక్కుంటున్నాడు.

“మళ్ళీ ఏమైందండీ?”

“ఈ నాలుగో పేరూ, ఏడో పేరూ ఈ మధ్య కలిసి బీచికి పోతా ఉండారమ్మా. అన్నాచెల్లెళ్ళయిపోయిరే, ఇప్పుడెట్ల?”

దీనమ్మ పెన్ను అందుకుంది. “ఏడో ఆవిణ్ణి మా మట్టావాళ్ళ కింద రాసేద్దారి. మాకూ ఓ ఆడపడుచు ఉండొద్దేటండీ.”