ఎల్లారెడ్డిలో మా బావ గ్రైండరు

మొన్న మా వీధి చివర కొత్తగా పెట్టిన షెడ్డులో బెల్ట్ గ్రైండరు ఆడిస్తుంటే ఆగి విన్నాను. రెగ్యులేటర్ గుబ్బ తిప్పిన కొద్దీ మోటారు వేగం పెంచుకుంటూ సాఫీగా పైకి వెళ్ళింది. అంత మంచి చప్పుడు వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకు మాత్రం మా బావ మీద కోపం వచ్చింది.

బావంటే మా అక్క మొగుడు. రెండువేల తొమ్మిదిలో మేమిద్దరం కామారెడ్డిలో షెడ్డు పెట్టి, వేగం తగ్గించి పెంచుకునే మోటారున్న గ్రైండరు తెచ్చాం. కొడవళ్ళు, గొడ్డళ్ళు, మటన్ కొట్టు కత్తులు పదును పెట్టేవాళ్ళం. ఆ పనిలో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. మరుసటి ఏడు దసరా వెళ్ళి వరికోతలు మొదలయ్యే వేళకు మోటారుకు తిక్క పుట్టింది. గుబ్బ సగందాకా తిప్పినా కదలదు, ఇంకాస్త తిప్పితే ఒక్కసారిగా పూర్తి వేగం అందుకుంటుంది. ఆ వేగానికి కొడవలి అంచు కాలి నీలం రంగు తిరుగుతుంది. అలా కాలినది మడిలో దిగిన గంటకే మొద్దుబారుతుంది. పక్కనున్న రామారెడ్డి ఊరి రైతులు కొడవళ్ళు తిరిగి తెచ్చి నేలమీద పడేసినప్పుడు మా బావ అందరి ముందూ నావైపు చెయ్యి చూపించాడు. "మోటరుకేం కాలే. మా బామ్మర్ది చెయ్యి బరువు. బలమంత ఏసి వత్తుతడు, గందుకే కాలిపోతున్నయ్" అన్నాడు. నెల తిరక్కుండా గ్రైండరుతో సహా తన సొంతూరు ఎల్లారెడ్డికి వెళ్ళిపోయాడు. బరువు చెయ్యన్న పేరు మాత్రం నాకు వదిలాడు. ఇంట్లో కూరగాయల కత్తి ఇవ్వడానికి కూడా జనం వెనకాడారు. మూడేళ్ళు వాళ్ళ షెడ్డులో వీళ్ళ షెడ్డులో వెల్డింగు చేసి బతికాను. బావను నలుగురిలో నిలదీయడం ఎలాగో రోజూ స్నానం చేస్తూ రిహార్సల్ వేసుకున్నాను.

రెండువేల పదమూడు దసరా వెళ్ళిన నాలుగో రోజు ఆయనే ఫోను చేశాడు. "ఏటా పండుగ ఎనక నాల్గు దినాలు సతాయించే మోటరు ఈసారి మొండికేసింది బామ్మర్ది, జర వచ్చి సూడు. కొడవండ్లు కుప్ప వడ్డయ్." నాకు ప్రాణం లేచివచ్చింది. లింగంపేట మీదుగా వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూచుని, పెళ్ళికి పోతున్నవాడిలా నవ్వుకున్నాను.

షెడ్డులో పదిమంది రైతులున్నారు. నాకు కావలసిందీ అదే. ముందు బెల్టు విప్పించాను. ఒట్టి మోటారు, ఎవరి చెయ్యీ ఆనలేదు. అయినా గుబ్బ తిప్పగానే పాత తిక్కే చూపించింది. "సూస్తున్నవా బావా, గిప్పుడు ఎవరి చెయ్యి వత్తుతుంది?" అన్నాను. "నాకేం తెల్సు, నువ్వే చెప్పాలె" అన్నాడు. మోటారు లోపలి కార్బన్ బ్రష్‌లు బాగానే ఉన్నాయి. గుబ్బ నుంచి వచ్చే తీగలకు మీటరు పెట్టి మెల్లగా తిప్పితే ముల్లు సాఫీగా జరగకుండా మధ్యలో చచ్చి, ఆ తర్వాత ఎగిరింది. రెగ్యులేటర్ పెట్టె మూత తీశాను. గుబ్బ కింద ఎండిన కొబ్బరినీళ్ళ జిగురు, కుంకుమ, ఆకుపచ్చని చిలుము. ఏటా ఆయుధ పూజకు మా బావ కొబ్బరికాయ కొట్టి నీళ్ళన్నీ ఆ గుబ్బ మీదే పోస్తాడు. పని మొదలయ్యేది అక్కడే కాబట్టి నీళ్ళు కూడా అక్కడే పడాలని ఆయన నమ్మకం. కామారెడ్డిలోనూ అలాగే పోశాడు; పక్కన నిలబడి గంట కొట్టింది నేనే.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ముందు ఆయన నోటితో ఒప్పించాలి. "బావా, కామారెడ్డిల గీ మోటరే చెడిపోతే నన్నేమన్నవో గీళ్ళకు చెప్పు" అన్నాను. ఆయన నిజంగానే ఆలోచించాడు, తల గోక్కున్నాడు. "ఏమన్న? నిన్ను నేనేమంట బామ్మర్ది?" అని రైతులవైపు తిరిగి, "మా బామ్మర్ది అసొంటి చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు" అన్నాడు. అబద్ధమాడే మొహం కాదది. గుర్తులేదు, అంతే. నా ఒళ్ళు మండిపోయింది.

చిలుము గీకి, పెట్రోలుతో కడిగి, ఆరాక మూత బిగించాను. మోటారు మర్యాదగా నడిచింది. కొబ్బరినీళ్ళ సంగతి మాత్రం చెప్పలేదు. వచ్చే దసరాకు కూడా తృప్తిగా పోసుకో అనుకున్నాను. పోశాడు. రెండువేల పద్నాలుగులో పండుగ వెళ్ళిన మూడో రోజే ఫోను వచ్చింది. మూడుసార్లు మోగనిచ్చి తీసి, తీరిక లేదన్నాను. "ఏంది బామ్మర్ది, నామీద ఏమన్న కోపమా?" అని అమాయకంగా అడిగాడు. లేదన్నాను.

నా చెయ్యి బరువన్న ఆ మాట అనడానికి ఆయనకు ఒక నిమిషం పట్టి ఉంటుంది, మరిచిపోవడానికి ఇంకో నిమిషం. నా ఏళ్ళన్నీ ఆ రెండు నిమిషాల మధ్యే గడిచిపోయాయి.