ఎంచకూడని అంగడి

తొంభైల చివర్లో పేటలోని మా స్టీలు సామాన్ల అంగడి లెక్కలన్నీ నేనే రాసేదాన్ని. బి.కాం. చదివిన కోడలు ఇంట్లో ఉండగా బయటివాళ్లకు ఫీజు ఎందుకని అందరికంటే గట్టిగా వాదించింది కూడా నేనే. కొన్నది ఒకవైపు, అమ్మింది ఒకవైపు. ఎర్రట్ట పుస్తకంలో నా దస్తూరి ముత్యాల్లా ఉండేది. ఆ గర్వంతోనే కొన్నేళ్లు గడిచిపోయాయి.

ఒకరోజు, మేం అద్దెకున్న ఆ కట్టడం ఓనరు వచ్చాడు. అంగడి అమ్మేస్తున్నానని, ముందుగా మమ్మల్నే అడుగుతున్నానని, కొంటారో లేదో మూడు నెలల్లో చెప్పమని అన్నాడు. మా మామగారు నెత్తిన గిన్నెల గంపతో వీధులు తిరిగి తిరిగి, చివరికి నిలదొక్కుకున్న చోటు అది. ఆయన పోయాక అత్తగారు రోజూ గల్లాపెట్టె పక్కనే కూర్చునేది. అంగడి చేజారితే ఆవిడ ఏమైపోతుందోనని నాకు నిజంగా భయం వేసింది.

నా పుస్తకం పట్టుకుని దర్జాగా బ్యాంకుకు వెళ్లాను. మేనేజరు పేజీలు తిప్పి, "ఏటా నష్టమే కదమ్మా, లోన్ ఎట్లా ఇచ్చేది?" అన్నాడు. నష్టమా! ఇల్లు గడుస్తోంది, పిల్లల ఫీజులు కడుతున్నాం, అంగడిలో కాలు పెట్టే చోటు లేదు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ మర్నాడే మా ఆయన ఒక ఆడిటరును వెంటబెట్టుకొచ్చారు. ఆడిటరుకు కాఫీ ఇచ్చాను గానీ చక్కెర కాస్త తక్కువే వేశాను.

ఆయన పుస్తకం చూసి, "మార్చి ఆఖరుకు అమ్మకుండా మిగిలిన సరుకు ఇందులో ఎక్కడుందమ్మా?" అన్నాడు.

నేను అత్తగారి వైపు చూశాను. మా అంగడిలో సామాను ఎంచకూడదు, అంటే లెక్కపెట్టకూడదు. ఎంచితే దిష్టి తగులుతుందని, లక్ష్మి అలుగుతుందని ఆవిడ పట్టు. అందుకే కొన్నదంతా ఖర్చు కిందే పోయేది, అటక మీద ఏటేటా పేరుకున్న సరుకుకు నా పుస్తకంలో చోటే లేదు. అది తప్పని నాకు కాలేజీలోనే చెప్పారు. కొత్తకోడలిని, ఎదురు చెప్పలేక ఊరుకున్నాను. తర్వాత తర్వాత నేనే మరిచిపోయాను.

"ఎంచకూడదప్పా. మా ఇంటాయన ఉన్నప్పుడూ ఎంచలే," అంది అత్తగారు.

"మీరు ఎంచొద్దమ్మా, నేను ఎంచుతా. దిష్టి తగిలితే నాకే తగల్నీ," అన్నాడాయన.

మూడు రోజులు ఆయన అటక ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. గుండిగలు, బిందెలు, బూజు పట్టిన టిఫిన్ డబ్బాలు, కొత్త గిన్నెలకు మారుగా జనం ఇచ్చిపోయిన పాత ఇత్తడి. రోజూ ఆయన ఇంటికి బయల్దేరేముందు అత్తగారు గడప దగ్గర నిలబెట్టి ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీసేది. ఆయన బుద్ధిగా కళ్లు మూసుకునేవాడు. నేను నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయేదాన్ని.

ఆ సరుకు విలువ కలిపి పాత ఏళ్ల లెక్కలు సరిచేస్తే నష్టం పోయి లాభం తేలింది. దాని మీద కట్టాల్సిన పన్ను ముక్కుపిండి కట్టించాడు. ఏడుపొచ్చింది గానీ, ఆ లెక్కలు చూసే బ్యాంకు లోన్ ఇచ్చింది. అంగడి మాదైంది.

రిజిస్ట్రేషన్ అయిన రోజు ఆయనకు కాఫీలో చక్కెర నిండుగా వేశాను. అత్తగారు కాసేపు తటపటాయించి, "అన్నీ కలిపి ఏమేం ఉండాదప్పా?" అని అడిగింది. ఆయన జాబితా తీసి గుండిగల నుంచి గరిటెల దాకా చదివాడు.

"ఇంకొకతూరి చదువప్పా, గట్టిగా," అంది, గల్లాపెట్టె పైన ఉన్న మామగారి పటం చూపించి. "ఇంత ఉండాదని తెలీకుండానే పోయినాడు."