నాలుగో అడుగు

అతని ఎడమ బూటు కుడిదానికన్నా ముందే అరిగిపోయేది. జత పట్టుకెళ్ళి ఒక్కదానికే కొత్త అడుగు వేయమంటే, బూట్లు కుట్టే ఆయన ప్రతిసారీ "ఒంటికాలి మీద తపస్సు చేస్తున్నారా ఏంటి" అని అడిగేవాడు. తపస్సు కాదు, జాజ్. స్టేషన్ ఎదురుగా ఉన్న పాత హోటల్ హాల్లో, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా, ముప్ఫై ఆరేళ్ళుగా అతను ఆర్గన్ వాయిస్తున్నాడు. పైన రెండు వరసల మీటల మీద చేతులు పాట సంగతి చూసుకుంటాయి. కింద బారుగా పరిచిన చెక్క పెడల్స్ మీద ఎడమ కాలు నడుస్తూ బేస్, అంటే పాట అడుగున మోగే బరువు స్వరాల సంగతి చూసుకుంటుంది. ఇలాంటి బ్యాండ్‌లో బేస్ వాయించడానికి వేరే మనిషి ఉండడు, ఆ కాలే మనిషి. అందుకే అతన్ని అందరూ కాలు మాస్టారు అనేవారు.

ఆ కాలికో లోపం ఉంది. కుర్రతనంలో నిచ్చెన మీంచి పడితే మడమ విరిగి, సరిగ్గా అతుక్కోలేదు. నాలుగు అడుగుల నడకలో నాలుగో అడుగు వెంట్రుకవాసి ఆలస్యంగా పడేది. మొదట్లో సిగ్గుపడ్డాడు. తర్వాత చూస్తే హాల్లో కాఫీ తాగుతున్న జనం ఆ ఆలస్యానికే తలలూపుతున్నారు. డ్రమ్ములాయన కూడా దానికి తగ్గట్టే కర్ర ఆపి వేయడం మొదలుపెట్టాడు. కుంటి నడకతోనే ఊరంతటినీ ఊపిన మొనగాడు మరి.

చెల్లెలు అతనికన్నా పద్నాలుగేళ్ళు చిన్నది. అమ్మానాన్నా ఏడాది తేడాలో పోయేసరికి ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు. ఇంట్లో ఒంటరిగా వదల్లేక బడి కాగానే హోటల్‌కి తెచ్చేసుకునేవాడు. ఆర్గన్ పక్కన నేల మీద కూర్చుని లెక్కలు చేసుకునేది. అందరికీ అన్నయ్య చేతులు కనిపిస్తే, ఆమెకి కళ్ళెదురుగా కనిపించేది కాలొక్కటే. సంగీతం ఆమె నేర్చుకున్నది అక్కడే, ఆ నేల మీదే. పదకొండో ఏట శాక్సఫోన్ చేతికిచ్చి, ఒకే ఒక్క సూత్రం చెప్పాడు. దారి తప్పితే కంగారుపడకు, నా కాలు విను, ఒకటో అడుగు ఎక్కడుందో అది చెబుతుంది. ఆమె తడబడినప్పుడల్లా అన్నిటికన్నా కింది పెడల్‌ని గట్టిగా ఒక్క తొక్కు తొక్కేవాడు. హాలు నేల అదిరేది. చెల్లెలు ఆ అదురు పట్టుకుని పాటలోకి వచ్చేసేది. పదిహేనేళ్ళు వాళ్ళిద్దరూ అలాగే వాయించారు. పిల్లలు లేని వదిన ఆ పిల్లనే కూతురనుకుంది.

ఇరవై ఆరో ఏట ఆమె బ్యాండ్ వదిలేసింది. మూతపడిన కుట్టుమిషన్ల షెడ్డులో మరో ఇద్దరితో కలిసి కొత్తరకం జాజ్ మొదలుపెట్టింది. దానికి తాళం ఉండదు. మొదలయ్యాక ఎటు పోతుందో వాయించేవాళ్ళకే తెలియదు. ఒక్కోసారి శాక్సఫోన్‌లో పాట కాకుండా ఊపిరి మాత్రమే వినిపించేది. మరోసారి ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడేవారు, అదీ వాయింపులో భాగమే. పైగా ఆమె జనానికి వీపు తిప్పి వాయించేది. ముఖాలు కనిపిస్తే వాళ్ళకి నచ్చేదే వాయించాలనిపిస్తుందట.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నాచెల్లెళ్ళకి ఇదే పంచాయితీ. మాస్టారిది ఒకటే మాట. వినేవాడి తల ఆడాలి, కాలు ఆడాలి, ఇంటికెళ్ళేటప్పుడు నడకలో ఆ ఊపు మిగలాలి, అది లేనప్పుడు అంత శ్రమ దేనికి? చెల్లెలు నెమ్మదిగానే జవాబిచ్చేది. అన్నయ్య బస్సు నడుపుతున్నాడు, ఎక్కినవాళ్ళకి ఎక్కడ దిగుతారో ముందే తెలుసు, అది మంచి బస్సే. తనకి మాత్రం దిగి నడవాలని ఉంది. చెప్పులు అరిగితే తెలుస్తుందిలే అని మాస్టారు వెక్కిరించేవాడు. నీ ఎడమ బూటు చూసుకో అని ఆమె అంటించేది. వదిన ఇద్దరి కంచాల్లోనూ మళ్ళీ వడ్డించి, ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం, ముందు తినండి అనేది.

ఒకసారి మాత్రం మాస్టారు హద్దు దాటాడు. షెడ్డుకి వినడానికి వెళ్ళి, అయిపోయాక నలభై మంది ముందు, అటక మీది సామాను కింద పడ్డప్పుడు కూడా ఇంతకన్నా వరసగా పడుతుందన్నాడు. జనం నవ్వారు. చెల్లెలూ నవ్వింది గానీ, మూడు ఆదివారాలు భోజనానికి రాలేదు. నాలుగో ఆదివారం తనే వచ్చి, ఏమీ జరగనట్టు కంచం ముందు కూర్చుంది. అలా నలభై ఏళ్ళు దాటాయి ఆమెకి.

నలభై మూడో ఏట దవడలో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలవొచ్చు, శాక్సఫోన్ మాత్రం ఇక నోట పట్టదన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు ఆమె అన్నయ్య దగ్గరికి వచ్చి, ఆఖరుసారి ఒకటి రికార్డు చేస్తాను, నువ్వూ నేనూ మాత్రమే ఉంటాం అంది. సగం నీ దారిలో, సగం నా దారిలో అని ఆమే చెప్పింది. మొదట నీ ఊపు. మధ్యలో ఒకచోట నేను ఊదడం ఆపుతాను. అక్కడ నువ్వు కాలు ఎత్తేయాలి.

"ఎంతసేపు?" అని అడిగాడు.

"నేను మళ్ళీ ఊదేదాకా. ఎంతసేపైనా దించకు అన్నయ్యా. ఆ తర్వాతే అసలు పాట."

రికార్డింగ్ గదిలో రికార్డిస్ట్ ఇద్దరికీ హెడ్‌ఫోన్స్ ఇచ్చాడు. చెల్లెలు పెట్టుకుంది. మాస్టారు జన్మలో పెట్టుకోలేదు, ఇప్పుడెందుకు పెట్టుకుంటాడు? చెవులకి తలుపులేసుకుని వాయించడమేంటని తీసి పక్కన పడేశాడు. ఆర్గన్ స్పీకర్ పెట్టె పక్కనే ఉండాలని పట్టుబట్టాడు. దాని లోపల గిర్రున తిరిగే మోటారు ఎప్పుడూ చిన్నగా రొద చేస్తూ ఉంటుంది. చెల్లెలు గదికి ఆ చివర, అలవాటు ప్రకారం వీపు తిప్పి నిలబడింది.

మొదటి సగం ఎంత బాగా కుదిరిందంటే, అద్దం వెనక రికార్డిస్ట్ కుర్చీలోంచి లేచి నిలబడి విన్నాడు. తర్వాత ఆమె ఊదడం ఆపింది. మాస్టారు కాలు ఎత్తాడు. మోటారు రొద తప్ప అతనికేమీ వినపడలేదు. చూస్తూ ఉన్నాడు. చెల్లెలి భుజాలు పైకి లేచి, వణికి, కిందికి జారాయి. నొప్పి వచ్చిందేమో, ఊపిరి అందలేదేమో, ఎక్కడుందో మర్చిపోయిందేమో అనుకున్నాడు. అనుకోవడం పూర్తయ్యేలోపే కాలు తన పని తాను చేసేసింది. అన్నిటికన్నా కింది పెడల్ మీద, పదకొండేళ్ళ పిల్లకి దారి చూపించినంత గట్టిగా ఒక్క తొక్కు.

చెల్లెలు శాక్సఫోన్ దించి, హెడ్‌ఫోన్స్ తీసి, ఇటు తిరిగింది. కోపం లేదు ముఖంలో.

"నేను దారి తప్పలేదన్నయ్యా" అంది.

మళ్ళీ చేద్దామని అతను బతిమాలాడు. పెదవి మంటగా ఉంది, ఇక నా వల్ల కాదు అని ఆమె వాద్యాన్ని పెట్టెలో సర్దుకుంది.

ఆపరేషన్ తర్వాత ఎనిమిది నెలలు బతికింది. మాట పోయింది, పలక మీద రాసేది. మాస్టారు రోజూ ఉదయం ఆసుపత్రికి వెళ్ళి, క్షమించమ్మా అనే ఒక్క మాట నోటిదాకా తెచ్చుకుని మింగేసేవాడు. ఒకరోజు అది కనిపెట్టినట్టుంది, పలక మీద "కాలు ఎలా ఉంది?" అని రాసి నవ్వబోయింది. ఆ దవడతో నవ్వు కుదరలేదు. అతను వరండాలోకి వెళ్ళి గోడకి ఆనుకుని ఏడ్చాడు. వారం తర్వాత ఆమె పోయింది.

మాస్టారు మూడు నెలలు ఆర్గన్ ముట్టలేదు. అప్పుడు రికార్డిస్ట్ నుంచి ఫోన్ వచ్చింది, మీ చెల్లెలుగారి రికార్డింగ్ ఉంది, ఏం చేయమంటారని. మాస్టారికి ఒకటే ఆశ పుట్టింది. ఎవరి మైక్ వాళ్ళదే కదా, తన తొక్కు తీసేయించాలి. కనీసం ఆమె ఆఖరి వాయింపైనా శుభ్రంగా మిగలాలి. మర్నాడు పొద్దున్నే వెళ్ళాడు. రికార్డిస్ట్ ఈసారి హెడ్‌ఫోన్స్ ఇస్తే మారుమాట లేకుండా పెట్టుకున్నాడు. ఆర్గన్ మైక్ పూర్తిగా ఆపేసి, ఆమె ఊదడం ఆపిన చోటు నుంచి పెట్టమన్నాడు.

నిశ్శబ్దం లేదక్కడ. టక్, టక్, టక్. చాలా చిన్న చప్పుడు. ఊదకుండా, శాక్సఫోన్ మీటల్ని వేళ్ళతో ఉత్తినే నొక్కుతోంది. టక్, టక్, టక్... ఆ తర్వాత వెంట్రుకవాసి ఆలస్యంగా, టక్.

అది అతని కాలే. నేల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటూ ఆ పిల్ల చూసిన కాలు, విరిగి సరిగ్గా అతుక్కోని మడమతో సహా. అన్నయ్య కాలు ఎత్తేస్తే, ఆ నడకని తన వేళ్ళ మీదికి తీసుకుని అతనికి వినిపించాలనుకుంది. గదిలో వినపడనిది అతనొక్కడికే. టక్, టక్, టక్. అక్కడ దూరంగా, ఆమె మైక్‌లోనే, దం అని తొక్కు పడింది. వేళ్ళు ఆగిపోయాయి.

"ఆ దం కూడా కోసేయొచ్చండి" అన్నాడు రికార్డిస్ట్.

"ఎంతసేపు ఆగాను నేను?"

"పదకొండు సెకన్లు."

రెండు నిమిషాలైనా ఆగాననుకున్నాడు ఇన్నాళ్ళూ.

"కోసేస్తే ఆ తర్వాతది వస్తుందా?"

రికార్డిస్ట్ తల దించుకున్నాడు. తర్వాత ఏమీ లేదండి, ఆవిడ అక్కడితో ఆపేశారు అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. మాస్టారి విషయంలో సామెత తిరగబడింది. నోరు జారినందుకు మూడు ఆదివారాల్లో క్షమించేసింది చెల్లెలు. ఈ కాలు జారింది మాత్రం ఇక ఎవరూ తీసుకోలేనిది. అసలు పాట ఆ తర్వాతే అంది. అదేమిటో తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె లేదు.

"మళ్ళీ మొదట్నుంచి పెట్టండి" అన్నాడు మాస్టారు.

పాట ఆమె ఆపే చోటికి రాగానే ఎడమ కాలు నేల మీంచి ఎత్తాడు. మోకాలిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.