జట్కా గుర్రం నేర్పిన నడక

మా కర్నూలుకు రాజధాని వచ్చింది గానీ మా చెల్లెలి కూతురికి నడక రాలేదు. కొత్త ఆంధ్ర రాష్ట్రానికని ఊరంతా గుడారాలు వేసి ఆఫీసులు పెట్టిన కాలం అది. పాపకు రెండేళ్లు నిండి నాలుగు నెలలైంది. కూర్చునేది, పాకేది, బెల్లం డబ్బా ఎక్కడ దాచినా కనిపెట్టేది. నిలబెడితే మాత్రం తడిసిన గుడ్డలా కిందికి జారిపోయేది.

కోయిలకుంట్ల దగ్గరున్న అత్తగారింటి నుంచి చెల్లెలు పాపతో వచ్చి మూడు నెలలు. పాప సొంత కాళ్లతో గుడి చుట్టూ తిరిగాకే పుట్టువెంట్రుకలు తీయిస్తానని అత్తగారు మొక్కుకున్నారు. నడక ఎంతకీ రాకపోయేసరికి "బిడ్డ నడిచినాకనే రాండి" అని కోడలిని పుట్టింటికి పంపేశారు. చెల్లెలు ఏడ్చేది కాదు. నా దర్జీ కొట్టులో కూర్చుని కాజాలు కుడుతూ మధ్యమధ్య పాప కాళ్ల వైపు చూసేది. ఏడ్చినా బాగుండునని నాకు అనిపించేది.

అమ్మ తుంగభద్ర ఇసుకలో గుంత తీసి పాపను నడుము దాకా పూడ్చేది. పాప హాయిగా ఇసుక తినేది. మూడు చక్రాల నడకబండి చేయించాం. పాప దాన్ని తిరగేసి చక్రాలు తిప్పుకునేది. ఆసుపత్రి డాక్టరు కాళ్లు వంచి చూసి, ఎముకలు బాగున్నాయి, కొందరికి ఆలస్యమవుతుంది, రాగిసంకటి పెట్టండి అన్నాడు. సంకటి తినమని చెప్పేదానికి డాక్టరు ఏమిటికని అమ్మ ఇంటిదాకా గొణుగుతూనే ఉంది.

ఇక మిగిలింది నేను. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిగతా చదువంతా గ్రంథాలయం బల్ల మీదే. పుస్తకాలను ఏరుకోవడం నాకు నచ్చదు. అల్మరాలో ఎడమ చివర మొదలుపెట్టి, ఏది ముందుంటే అది చదవాలని నా నియమం. అలా బెండ సాగు, భూకంపాలు ముగించి, గుర్రాల పెంపకం మీద ఒక పాత పుస్తకం దగ్గరికి వచ్చాను. దానికి అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు మనిషి నడుమును అటూ ఇటూ ఊపుతుందని, మనం నడిచేటప్పుడు కూడా నడుము అట్లాగే ఊగుతుందని, స్వారీతో నడుమూ తొడలూ గట్టిపడతాయని అందులో ఉంది. అది సిపాయిల కోసం రాసిన మాట. రెండేళ్ల పిల్లకు పనికిరాదని మాత్రం ఎక్కడా రాయలేదు.

మా వీధిలో జట్కా తోలే సాయిబును అందరం బాబాయి అన్నట్టు చిచ్చా అని పిలిచేవాళ్లం. పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లాను.

"చిచ్చా, మా పాపను నీ గుర్రం ఎక్కించాల."

"బండ్లో కూసోబెట్టప్పా. బాడుగ కూడా అడగను."

"బండ్లో కాదు, వీపు మీద. పుస్తకంలో ఉండాది."

చిచ్చా గుర్రం వైపు చూశాడు. "ఇది ఆ పుస్తకం చదవలేదు గదప్పా. పన్నెండేండ్లుగా దీని ఈపు మీద ఈగ తప్ప ఎవురూ కూసోలే."

కానీ పాపంటే ఆయనకు ప్రాణం. రాజధాని వచ్చాక జట్కాలకు క్షణం తీరిక లేదు. అయినా తెల్లవారిన తర్వాత, మొదటి బస్సు వచ్చేలోపల ఉండే కాస్త సేపూ మాకిచ్చాడు.

నేను టేపు తెచ్చి గుర్రానికి కొలతలు తీసుకున్నాను. చిచ్చా పక్కన నిలబడి చాలా మర్యాదగా అడిగాడు, "పొడుగు చేతులా, పొట్టి చేతులా?" పట్టించుకోకుండా, దూది కూరి మెత్తటి దిండు కుట్టి దాని వీపుకు కట్టాను.

మొదటి రోజు పాపను ఎక్కించి ఒక పక్క నేను, ఒక పక్క చెల్లెలు పట్టుకున్నాం. గుర్రం కదల్లేదు.

"బండి కట్టకుంటే పండగనుకుంటాది," అన్నాడు చిచ్చా. పక్కచూపు లేకుండా కళ్లకు గంతలు, మెడకు గజ్జెలు కట్టాడు. నాలుకతో టక్ టక్ మని, "చల్ బేటా" అన్నాడు. గుర్రం బయల్దేరింది.

చదునైన చోట గుండ్రంగా తిప్పాలని పుస్తకంలో ఉంది. గుర్రానికి గుండ్రం తెలియదు, బాడుగ దారి తెలుసు. టీ హోటలు ముందు ఆగింది. సోడా అంగడి ముందు ఆగింది. గుడారాల దగ్గర రెండుసార్లు ఆగింది. ఆగిన ప్రతిచోటా చిచ్చా టక్ టక్ మని "చల్ బేటా" అంటేనే మళ్లీ కదిలేది. చివరికి బస్టాండులో నిలబడింది. అదే దారి, అవే మజిలీలు, రోజూ.

"ఏమప్పా, పెండ్లికూతురు బాగుండాది, పెండ్లికొడుకు యాడ?" అని టీ హోటలు వాళ్లు అరిచేవాళ్లు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన గుమాస్తా ఒకాయన పరుగున వచ్చి, "ఖాళీయేనాండీ? ఆఫీసుకు పోవాలి... అయ్యో, బండేదండీ?" అన్నాడు.

మొదటి వారం పాప వేరుశనగ బుడ్డల మూటలా నా చేతి మీదికి ఒరిగిపోయింది. నెల తిరిగేసరికి జూలు పట్టుకుని నిటారుగా కూర్చుంది. నేను పుస్తకం తెరిచి, "మోకాళ్లు బిగించాలి!" అని గట్టిగా చదివేవాణ్ణి.

"మోకాళ్లు యాడుండాయో తెలిస్తే గదప్పా బిడ్డ బిగించేది," అనేవాడు చిచ్చా.

ఇంకో వింత జరిగింది. చిచ్చా నాలుక చప్పుడు చేస్తే చాలు, గుర్రంకన్నా ముందే పాప నడుము ముందుకు ఊపేది. ఇంట్లో గోడ మీద బల్లి టిక్ టిక్ మన్నా అమ్మ ఒళ్లో కూర్చుని ఊపేది. బల్లి పలికితే పిల్ల ఊగడమేమిటని అమ్మ పంతులుగారిని పంచాంగం అడగడానికి బయల్దేరింది. ఆ నెలలోనే పాప నా కుట్టుమిషను పట్టుకుని నిలబడింది. నిలబడిందంతే. అడుగు పడలేదు.

రెండో నెల చివర ఒక పొద్దున మేము బస్టాండు చేరేసరికి కోయిలకుంట్ల బస్సు అప్పటికే వచ్చి ఉంది. అందులోంచి గంప చంకన పెట్టుకుని చెల్లెలి అత్తగారు దిగారు. ఎదురుగా గుర్రం మీద మనవరాలు.

"నడిచేది నేర్పమంటే స్వారీ నేర్పినారా!" గంప కింద పెట్టి, పాపను ఒక్క ఊపున దించారు. "రేపు మొగుడింటికి గుర్రాన్ని గూడా ఇచ్చి పంపుతారా?"

"అత్తా, పుస్తకంలో..." అన్నాను.

"పుస్తకాన్ని కాల్వలో వెయ్యి!"

చెల్లెలు తల వంచుకుంది. పాప అవ్వ కొంగు పట్టుకుని నిలబడి గుర్రాన్నే చూస్తోంది. అంతలో బస్సు దిగినాయన ఎవరో జట్కా కావాలని కేకేశాడు. బండి ఇంటి దగ్గరుంది. చిచ్చా, మా గొడవలో తలదూర్చడం ఇష్టంలేక, గుర్రాన్ని ఇంటివైపు తిప్పి టక్ టక్ మన్నాడు.

"చల్ బేటా."

పాప కొంగు వదిలింది. నడుము ఊపింది. ఒక అడుగు. ఇంకొకటి. నాలుగు అడుగులు వేసి ఆగింది.

చిచ్చా ఆగాడు. గుర్రమూ ఆగింది.

"ఆగిపోయిందేమప్పా?" అత్తగారు చిచ్చా వైపు తిరిగారు.

"బిడ్డ లెక్కలో అది సోడా అంగడమ్మా," అన్నాడు చిచ్చా. మళ్లీ మెల్లగా టక్ టక్ మన్నాడు. ఇంకో మూడు అడుగులు.

అప్పుడు అత్తగారే ఆ నాలుక చప్పుడు చేయబోయారు. ముందు పళ్లు లేవు. చప్పుడు రాక గాలి వచ్చింది. పాప కదల్లేదు. ఆమె మా ఇంట్లో రెండు రోజులుండి, అరుగు మీద చిచ్చా ఎదురుగా కూర్చుని నాలుక చప్పుడు నేర్చుకున్నారు. చిచ్చా ఆమెను గుర్రంకన్నా ఓపికగా చూశాడు.

మా ఇసుక మహిమ అంది అమ్మ. మా మొక్కు మహిమ అన్నారు అత్తగారు. వయసు వచ్చింది, నడిచింది అన్నాడు డాక్టరు. నేను ఎవరితోనూ వాదించలేదు; పేజీ మాత్రం మడిచి పెట్టాను.

మూడో రోజు ముగ్గురూ బస్సుకు బయల్దేరారు. పాప నడిచింది. టీ హోటలు దగ్గర ఆగింది, సోడా అంగడి దగ్గర ఆగింది, గుడారాల దగ్గర రెండుసార్లు ఆగింది. ఆగిన ప్రతిచోటా అత్తగారు కొంగు దోపుకుని, ఊరంతా చూస్తుండగా, "టక్ టక్, చల్ బేటా" అన్నారు. వెనకాల గంప మోస్తున్న చెల్లెలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. చెల్లెలు పుట్టింటికి వచ్చాక నవ్వడం నేను చూసింది అప్పుడే.